కొండ కింద నేను లేను

ఒక కథను దాదాపు పదేళ్ళపాటు చెప్పాను. న్యూజెర్సీలో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో భోజనాలయ్యాక, పేపర్ ప్లేట్లు చెత్తసంచిలోకి చేరి, అందరూ కార్పెట్ మీద గోడలకు జారగిలబడినప్పుడు, "ఆ కోట కథ చెప్పవయ్యా" అని ఎవరో ఒకరు అడిగేవారు. నేను కాస్త బెట్టు చేసి మొదలుపెట్టేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ నవ్వారు. చెప్పిన ప్రతిసారీ నేను అందులోంచి ఒక వాక్యం తీసేశాను, ఒక అబద్ధం చేర్చాను.

తీసేసిన వాక్యం, నా స్నేహితుడు ఆ రోజు నాకిచ్చిన జవాబు: "మంచిదన్నా, ఈడనే ఉంట." చేర్చిన అబద్ధం, నేను కొండ కింద అతని కోసం ఎదురుచూస్తూ నిలబడ్డానని.

ఈ రెండింటి మూలంగా అతను తెలుగు సరిగా అర్థంకాని మనిషని పేరుపడ్డాడు. ఆ పేరు వల్ల అతనికి దక్కవలసిన పని ఒకటి దక్కలేదు. నవ్వినవాళ్ళలో కొందరు ఇంకా ప్లెయిన్స్‌బరోలోనే ఉన్నారు, కొందరు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వైపు వెళ్ళిపోయారు. జరిగింది జరిగినట్టు వాళ్ళందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు నేను చెప్పిన కథ. "నేనూ మావాడూ మోటార్‌సైకిల్ మీద నది పక్కనున్న కొండకోటకి వెళ్ళాం. పైకెక్కేసరికి వాడికి మోకాలు పట్టేసింది. కాసేపు కూర్చుని మెల్లిగా దిగమని చెప్పి, ‘సరే, నేను వస్తా’ అని నేను దిగిపోయాను. మనం ఎవరింట్లోంచైనా బయల్దేరేటప్పుడు ‘వెళ్తా’ అంటామా? ‘వస్తా’ అనే కదా అంటాం! వీడేమో నేను మళ్ళీ పైకి వస్తానని కోటలో కూర్చున్నాడు. నేనేమో వీడు దిగుతాడని కింద బండి దగ్గర నిలబడ్డాను. కోటలో ఒకడు, కొండ కింద ఒకడు. నాలుగు గంటలు!" ఇక్కడ ఆగేవాణ్ణి. నవ్వులు కాస్త తగ్గాక చివరి ముక్క వదిలేవాణ్ణి: "వాళ్ళ వరంగల్లో ‘వస్తా’ అన్నవాళ్ళు నిజంగానే వచ్చేస్తారేమో మరి!"

ఇక జరిగింది చెప్తాను.

డెబ్బైల చివర్లో మేం నలుగురం బ్రహ్మచారులం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను పైపుల డిజైన్లు గీసే ఆఫీసులో ఇంజనీర్ని. నాదీ, మరో ఇద్దరిదీ గుంటూరు, తెనాలి వైపు. అతను మాకన్నా వెనక వచ్చాడు. వరంగల్ పక్క ఊరు, యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాడు. నాకన్నా మూడేళ్ళు చిన్న. నన్ను "అన్నా" అనేవాడు. నేను "ఒరేయ్" అనేవాణ్ణి.

అతని మాటను ఎగతాళి చేయడం మాకు రోజూ ఉండే కాలక్షేపం.

"ఉల్లిగడ్డ ఏంట్రా? ఉల్లిపాయ అనాలి."

"గడ్డలెక్క ఉంటె గడ్డ అనక ఏమంటరన్నా? మీరు కోసెటప్పుడు పాయలు పాయలు ఊడొస్తదా?"

అతనితో వాదించి గెలిచిన గుర్తు మాలో ఎవరికీ లేదు. నిజానికి మా నలుగురిలో పద్యం తప్పు లేకుండా చదవగలిగినవాడు అతనొక్కడే. గిన్నెలు తోముతూ పాడేవాడు. అతని చేతిరాత అచ్చు వేసినట్టు గుండ్రంగా ఉండేది. ఇంటికి ఉత్తరం రాయాలంటే ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక అతన్నే అడిగేవాళ్ళం. అడిగిన పది నిమిషాలకే మళ్ళీ ఉల్లిగడ్డ మొదలయ్యేది.

మా ఆఫీసులో ముగ్గురు అమెరికన్లకు మోటార్‌సైకిళ్ళుండేవి. వారాంతాల్లో కలిసి తిరిగేవాళ్ళు. సోమవారం పొద్దున కాఫీ మెషిన్ దగ్గర ఏ రోడ్డు మలుపులు బాగున్నాయో, ఎక్కడ ఏం తిన్నారో చెప్పుకునేవాళ్ళు. నేను కప్పు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. వాళ్ళ మాటల్లోకి రావడానికి నాకు ఇంకో దారి కనిపించక, నేనూ ఒక సెకండ్‌హ్యాండ్ బండి కొన్నాను. ఇండియాలో స్కూటర్ నడిపినవాడికి అది ఏనుగులా ఉంది. నెల రోజులు పార్కింగ్ లాట్‌లోనే చుట్లు కొట్టి నేర్చుకున్నాను. ఒక శుక్రవారం వాళ్ళలో పెద్దాయన, "రేపు మధ్యాహ్నానికి మేం కోట దగ్గరుంటాం, వీలైతే రా" అన్నాడు. ఆ మాట కోసం నేను మూడు నెలలు ఎదురుచూశాను.

ఇంటికొచ్చి కోటకు వెళ్తున్నానని మాత్రం చెప్పాను, వాళ్ళ సంగతి చెప్పలేదు. అతను చదువుతున్న పుస్తకం మూసేశాడు.

"కోటనా? నేనూ వస్తనన్నా. గీ దేశంల కోటలుంటయని ఎవరు చెప్పలే నాకు."

"చలిరా. వెనక కూర్చోలేవు."

"మంకీ క్యాప్ ఉంది."

అదే నా భయం అని చెప్పలేకపోయాను. పొద్దున నేను లేచేసరికి వంటింట్లో ఇంగువ వాసన వస్తోంది. పులిహోర కలిపి స్టీలు టిఫిన్‌లో సర్దేశాడు. ఇంక వద్దనడానికి లేదు.

అక్టోబరు. చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మారిన రోజులు. రెండు గంటల ప్రయాణం. రాష్ట్రం సరిహద్దు దాటాక రోడ్డు నది పక్కనే పోతుంది. అతను వెనక సీటు మీద నా జాకెట్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, హెల్మెట్ లోంచే ఏదో పాడుతున్నాడు. గాలికి నాకు ముక్కలు ముక్కలుగా వినిపించింది. ఒక మలుపు దగ్గర నేను బండిని మరీ ఎక్కువ వంచితే పాట ఆగి, "అన్నా, నాకింక పెండ్లి గాలే!" అని అరిచాడు. ఇద్దరం నవ్వాం. ఆ రెండు గంటలు మేం సంతోషంగా ఉన్నామని కూడా నేనెప్పుడూ కథలో చెప్పలేదు. చెబితే ఆ తర్వాతది నవ్వుతూ చెప్పడం కష్టమయ్యేది.

బండి కింద పెట్టి నడక మొదలుపెట్టాం. చెట్ల బోదెల మీద తెల్లరంగు పట్టీలు పూసి ఉంటాయి, వాటిని చూసుకుంటూ ఎక్కాలి. మైలున్నర ఉంటుంది కానీ నిట్టనిలువు. నాకు బూట్లున్నాయి. అతనికి ఇండియా నుంచి తెచ్చుకున్న తోలుబూట్లు, అడుగు నున్నగా అరిగిపోయినవి. రాలిన ఆకులు రాత్రి మంచుకు తడిసి ఉన్నాయి. ఇంకో వంద గజాల్లో పైకి చేరతామనగా అతను జారి, మోకాలు రాతికి కొట్టుకుని పడ్డాడు. పంట్లాం చిరిగింది. లేచి, "ఏం గాలే, ఏం గాలే" అంటూ కుంటుతూనే ఎక్కాడు.

కోట అంటే నడుం ఎత్తు రాతిగోడలు, ఒక గడ్డిమైదానం, తుప్పు పట్టిన ఒక ఫిరంగి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో నదిలో వచ్చే ఓడల మీద గుళ్ళు పేల్చడానికి కట్టారట. అక్కడున్న బోర్డు మొత్తం చదివి, గోడ చుట్టూ ఒకసారి చూసి, అతను అడిగాడు.

"అన్నా, కోట ఎక్కడుంది?"

"ఇదేరా."

"ఇదా? మా దగ్గర బర్రెలు రాకుండ గింత గోడ కడ్తరు."

"కొండవీడు చూస్తే తెలుస్తుందిరా నీకు కోటంటే ఏంటో."

"మా కోట తోరణం చూసినోనికి ఇంకోటి ఆనదన్నా."

అలా ఎవరి కోట గొప్పదో వాదించుకుంటూ గోడ మీద కూర్చున్నాం. అప్పటికే అతని మోకాలు బంతిలా పొంగింది. నేను రుమాలు తడిపి కట్టాను. మంకీ క్యాప్ పెట్టుకుని, టిఫిన్ విప్పి తినడం మొదలుపెట్టాడు. అప్పుడే కింద దారిలో మాటలు వినిపించాయి. ఆఫీసువాళ్ళు ముగ్గురూ తోలు జాకెట్లలో ఎక్కి వస్తున్నారు.

నేను లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఇరవై అడుగుల దూరం. అతన్ని పరిచయం చేయలేదు. వాళ్ళు నా బండి గురించి అడిగారు. పెద్దాయన నా భుజం తట్టాడు. గోడ దగ్గర్నుంచి అతను పిలిచాడు.

"అన్నా, వాళ్ళకు గూడ పెట్టు. శాన ఉంది."

పసుపు అంటిన వేళ్ళతో టిఫిన్ మూత ముందుకు చాపి పట్టుకున్నాడు. వాళ్ళలో ఒకాయన నవ్వుతూ చూశాడు, రాబోయాడు కూడా. "వాళ్ళు అవి తినరులేరా" అని నేను గబుక్కున తెలుగులో అనేశాను. పెద్దాయన ఇంగ్లీషులో నన్నడిగాడు, "ఆయన నీతోటే వచ్చాడా?"

"మా బిల్డింగ్‌లో ఉంటాడు" అన్నాను.

అబద్ధం కాదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇరవై అడుగుల దూరమే కాబట్టి అతనికీ వినపడే ఉంటుంది. అతను మూత వెనక్కి తీసుకున్నాడు.

వాళ్ళు నది మీది వంతెన దాటి అవతల ఒక సరస్సు పక్కన భోజనానికి వెళ్తున్నామన్నారు. వస్తావా అన్నారు. నేను అతని దగ్గరికి వెళ్ళాను. "ఒరేయ్, మోకాలితో ఇప్పుడు దిగలేవు కదా. కాసేపు కూర్చో. సరే, నేను వస్తా" అన్నాను.

ఆ "వస్తా" అంటే ఏమిటో నన్ను నేను తర్వాత ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. వెళ్ళేవాడూ వస్తా అంటాడు, తిరిగొచ్చేవాడూ వస్తా అంటాడు. మనకున్న ఆ మర్యాద నాకు ఆ నిమిషంలో భలే పనికొచ్చింది. గంటలో వస్తానని అనలేదు. నువ్వు కిందికి రా అనలేదు. ఏ మాటకూ కట్టుబడకుండా, చెప్పి వెళ్ళినట్టూ ఉండాలి. అంతే నాకు కావలసింది.

అతను నా మొహంలోకి చూసి, "మంచిదన్నా, ఈడనే ఉంట" అన్నాడు.

విన్నాను. ఏమర్థం చేసుకున్నాడో తెలిసింది. తెలిసే దిగిపోయాను.

నాలుగు బండ్ల మీద వెళ్ళాం. నేను చివర. ఆ మలుపుల్లో నా వెనక సీటు తేలిగ్గా అనిపించి హాయిగా నడిపానని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. తిన్నాం. ఆపిల్ పై తెప్పించారు. కాఫీ మళ్ళీ నింపించుకున్నారు, నేనూ నింపించుకున్నాను. అక్కణ్ణించి ఒకాయన తన షెడ్డులో విప్పి పెట్టిన పాత ఇంజను చూపిస్తానన్నాడు. దానికీ వెళ్ళాను. అతన్ని మర్చిపోయానని చెప్పుకోగలిగితే కొంత నయంగా ఉండేది. మర్చిపోలేదు. కనీసం మూడుసార్లు గడియారం చూసుకున్నాను. ఇప్పుడు లేస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే, బిల్డింగ్‌లో ఉండేవాడని చెప్పినవాణ్ణి నేనే తీసుకొచ్చానని ఒప్పుకోవాలి. అందుకని కూర్చున్నాను.

తిరిగి కొండ కిందికి వచ్చేసరికి అయిదు దాటింది. ఎండ కొండ వెనక్కి వెళ్ళిపోయింది. పార్కింగ్ చివర పడుకోబెట్టిన దుంగ మీద అతను కూర్చుని ఉన్నాడు. చేతిలో కర్ర. అరచేయి చర్మం లేచిపోయి ఉంది, దిగేటప్పుడు మళ్ళీ పడ్డాడట.

"వచ్చినవా అన్నా" అన్నాడు.

"ఆఫీసువాళ్ళు వదల్లేదురా."

"అట్లనా."

హెల్మెట్ ఇస్తుంటే చెప్పాడు. "ఒక ముసలాయన, ఆయన భార్య కార్ల ఇంటికాడ దింపుతమన్నరు. శాన మంచోళ్ళు. నువ్వొచ్చి పైన ఎతుకుతవని వద్దన్న. ఇగ చీకటి పడేటట్టున్నదని దిగిన."

 బండి స్టార్ట్ చేశాను. దారంతా అతను పాడలేదు. జాకెట్ మాత్రం పట్టుకున్నాడు, పట్టుకోకపోతే పడిపోతాడు కాబట్టి.

ఇంట్లో మిగతా ఇద్దరూ టీవీ ముందున్నారు. అతను కుంటుతూ రావడం చూసి లేచారు. "ఏమైందిరా? ఇంతసేపేంటి?" నేను జవాబు చెప్పాలి. అతను చెప్పేలోపు చెప్పాలి. నోటికి అదే వచ్చింది. "ఏం లేదు, వీడి తెలుగుతో చచ్చాం. నేను ‘వస్తా’ అని దిగాను, వీడు పైకొస్తానేమోనని కూర్చున్నాడు. కింద నేను, పైన వీడు..." వాళ్ళు పడీపడీ నవ్వారు. అతను నావైపు చూశాడు. ఎంతోసేపు కాదు. ఆ తర్వాత తనూ నవ్వి, "నా తెలుగు గంతే" అని బూట్లు విప్పుకోవడానికి కూర్చున్నాడు.

నేను దిగినప్పుడు ఎక్కడికి వెళ్ళానో ఆ గదిలో నాకూ అతనికీ మాత్రమే తెలుసు. అతను చెప్పలేదు. మర్నాటి నుంచి నెలరోజులు అతన్ని రోజూ యూనివర్సిటీకి దింపాను, కాపడం పెట్టాను, అతని వంతు గిన్నెలు తోమాను. అడక్కుండానే అన్నీ చేశాను. అదంతా చేస్తే ‘తప్పు నాది’ అన్న రెండు మాటలు చెప్పనక్కర్లేదనుకున్నాను.

మిగతా ఇద్దరూ ఆ కథను బయటికి మోశారు. నలుగురు చేరిన చోట నన్ను చెప్పమనేవారు. అతనికి "వస్తాగారు" అని పేరు పెట్టారు. "వస్తాగారూ, పప్పు వేసుకోండి, వేసుకోండి అంటే వేసుకోమనే అర్థం!" అతను వేసుకునేవాడు, నవ్వేవాడు. కొన్నాళ్ళకు పద్యాలు పాడటం మానేశాడు. నేను అది గమనించాను. గమనించనట్టు ఉన్నాను.

అతనికి తప్ప మా ముగ్గురికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. ఎనభైల్లో ఒక ఆదివారం, ప్లెయిన్స్‌బరోలో మా కాంప్లెక్స్ క్లబ్‌హౌస్‌లో పిల్లలకు తెలుగు నేర్పే క్లాసు పెడదామని సమావేశమయ్యాం. ఎవరు చెప్తారన్నప్పుడు అందరికన్నా ముందు అతను చెయ్యెత్తాడు. ఒక ఫైలు కూడా తెచ్చుకున్నాడు. అందులో తను గీసుకున్న బొమ్మలు, అక్షరాలు, పిల్లలు పలికే వరసలో సర్దుకున్న చిన్న చిన్న మాటలు. ఎన్ని వారాలు కూర్చుని చేశాడో. ఎవరో వెనక నుంచి అన్నారు, "‘వస్తా’ అంటే అర్థంకాని మాస్టారు పిల్లలకేం చెప్తాడండీ!"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు లేచి ఒక్క వాక్యం చెప్తే సరిపోయేది. అతను ఫైలు మూసి, "నిజమే, అన్న చెప్తడు, అన్నది మంచి తెలుగు" అన్నాడు. క్లాసు నాకిచ్చారు. రెండేళ్ళు చెప్పాను. ఆ ఫైలు మర్నాడు తనే తెచ్చి నాకిచ్చాడు. దాన్ని చూసే చెప్పాను.

ఆ క్లాసులో ఒకరోజు, మనవాళ్ళు బయల్దేరేటప్పుడు "వెళ్తాను" అనరు, "వస్తాను" అంటారని పిల్లలకు చెబుతున్నాను. తొమ్మిదేళ్ళ పాప చెయ్యెత్తింది. "బట్ అంకుల్, వాళ్ళు తిరిగి రాకపోతే? దెన్ ఇట్స్ ఎ లై, రైట్?" మర్యాదమ్మా, అబద్ధం కాదు అని చెప్పి బోర్డు తుడిచేశాను.

ఆ తర్వాత అతనికీ పెళ్ళయి, భార్య ఇండియా నుంచి కొత్తగా వచ్చినప్పుడు మా ఇంట్లో భోజనాలు పెట్టాం. కరీంనగర్ అమ్మాయి. అందరూ ఆమెకు కథ వినిపించమన్నారు. వినిపించాను. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. చేతిలో మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకన్నా. నీ కాళ్ళు మంచిగనే ఉండె గదా?"

"ఆఁ."

"మరి నాలుగు గంటలు కింద నిలవడే బదులు, ఒక్కపారి పైకెక్కి చూడకపోయినవా?"

ఏడేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గదిలో అందరూ నావైపు తిరిగారు. నా భార్య కూడా.  అప్పుడు అతను, నా స్నేహితుడు, పక్క నుంచి అన్నాడు: "బండి ఇడిసిపెట్టి ఎట్లెక్కుతడే? కొత్త బండి, ఎవడన్న ఎత్తుకపోతడని కావలి ఉండె అన్న."

మళ్ళీ నవ్వులు. నన్ను కాపాడటానికి అతను నా అబద్ధానికి తనది ఒకటి కలిపాడు. ఆమె అతన్నీ, నన్నూ మార్చి మార్చి చూసి గ్లాసు అందుకుంది. ఆ రాత్రి పడుకోబోతూ నా భార్య, "నిజంగానే ఎందుకు ఎక్కలేదండీ?" అంది. నిద్రొస్తోందన్నాను.

అప్పుడైనా చెప్పలేదు. ఇంకో రెండేళ్ళు గడిచాయి. అతనికి టెక్సాస్‌లో, ప్లేనోలో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో ఇచ్చిన వీడ్కోలు విందులో మళ్ళీ అడిగారు. "ఆఖరిసారి, వస్తాగారి ముందు!" వద్దని అనాల్సింది. లేచి నిలబడి, ఎప్పటికన్నా బాగా చెప్పాను. కింద చలికి నా పళ్ళు ఎలా టకటకలాడాయో చేసి చూపించాను. మధ్యలో అతని భార్య ఖాళీ ప్లేట్లు ఏరుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంకా తింటున్నవాళ్ళ ప్లేటు కూడా తీసుకుంది.

మర్నాడు పొద్దున సామాను ఎక్కించడానికి మేం ఎనిమిది మందిమి చేరాం. అద్దె ట్రక్కు అతని అపార్ట్‌మెంట్ ముందు ఆగి ఉంది. నేను పెట్టెల కోసం వంటింట్లోకి వెళ్ళాను. ఆమె నేల మీద కూర్చుని గ్లాసులకు న్యూస్‌పేపర్ చుడుతోంది. తలెత్తలేదు.

"అమ్మా, ఆ రోజు నేను కింద లేను" అన్నాను.

"తెలుసన్నా."

"వాడు చెప్పాడా?"

"ఆయన చెప్తడా! అడిగితే ‘ఇడిసిపెట్టు’ అంటడు. నిన్న నువ్వు పళ్ళు టకటకలాడిస్తుంటె నీ మొహం చూసిన, సమజైంది." ఇంకో గ్లాసు తీసుకుంది. "యాడికి పోయినవ్?"

చెప్పాను. ఆఫీసువాళ్ళు, బిల్డింగ్ మాట, ఆపిల్ పై, షెడ్డు. "ఈడనే ఉంట" అని అతనన్నదీ, నేను విన్నదీ. ఆమె చుట్టడం ఆపి విన్నది.

"వాడికి చెప్తాను. క్షమించమని అడుగుతాను."

"ఆయనకేం చెప్తవన్నా? ఆయనకు తెల్వందా?" గొంతు పెంచలేదు. "ప్లేనోల మీ ఇక్కడోళ్ళవి నాలుగిండ్లున్నయట. మొన్న ఫోన్ల ఒకామె, ‘ఓ, వస్తాగారా!’ అంటది. మేం పోకముందే మీ కథ పోయింది. ఆడ గూడ పిల్లలకు తెలుగు చెప్తనని మళ్ళ ఫైలు తయారు చేసుకుంటుండు ఆయన. రాత్రి మీ ఇంట్లనుంచి వచ్చినంక దాన్ని తీసి చెత్తల ఏసిండు. నేను తీసి పెట్టెల పెట్టిన." పక్కనున్న పెట్టె మీద చెయ్యి వేసింది. "నవ్వినోళ్ళకు చెప్పు. చెప్పగలిగితె."

ఆ పెట్టె నేనే ఎత్తుకుని బయటికి వచ్చాను. సామాను చాలావరకు ఎక్కించేశారు. అందరూ ట్రక్కు వెనక నిలబడి పేపర్ కప్పుల్లో టీ తాగుతున్నారు. మా పాత రూమ్‌మేట్లు ఇద్దరూ ఉన్నారు. క్లబ్‌హౌస్‌లో ఆ మాటన్న ఆయనా ఉన్నాడు. అతను తాడు బిగిస్తున్నాడు. నన్ను చూసి, "అన్నా, చాయ్ తాగు, సల్లారుతది" అన్నాడు.

పెట్టె కింద పెట్టాను. 

"ఒక్క నిమిషం అందరూ వినాలి. ఆ కోట కథ అబద్ధం."

"మళ్ళీ కొత్త వెర్షనా?" అని ఒకాయన నవ్వాడు.

"కాదు. నేను కొండ కింద లేను. మోకాలు వాచినవాణ్ణి పైన వదిలేసి, ఆఫీసు అమెరికన్లతో భోజనానికి వెళ్ళాను. నాలుగు గంటలు తిరిగాను. వీడు మంకీ క్యాప్ పెట్టుకుని చేత్తో పులిహోర తింటున్నాడని, వాళ్ళ ముందు వీడు నావాడని చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది."

అతను తాడు వదిలి దగ్గరికి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఇప్పుడెందుకివన్నీ. ఇడిసిపెట్టు."

"లేదురా, చెప్పనివ్వు. వస్తానని అన్నాను. వీడు ‘మంచిదన్నా, ఈడనే ఉంట’ అన్నాడు. నేను విన్నాను. వీడికి తెలుగు అర్థంకాక కాదు, నేను చెప్పినమాట మీద నమ్మకంతో కూర్చున్నాడు. కారులో దింపుతామన్నవాళ్ళను కూడా నా కోసం వద్దన్నాడు. పదేళ్ళు వీణ్ణి చూపించి మిమ్మల్ని నవ్వించాను. మీ పిల్లలకు నేను చెప్పిన పాఠాలన్నీ వీడు రాసినవి. ఆ క్లాసు వీడిది, నేను కాజేశాను. ప్లేనోలో మీకు తెలిసినవాళ్ళుంటే ఇవాళే ఫోన్ చేసి ఈ మాట చెప్పండి. నేనూ చేస్తాను."

ఎవరూ నవ్వలేదు.  మనవాళ్ళలో స్నేహితుల మధ్య క్షమాపణ అడగడం అలవాటు లేదు. కాలు తగిలితే "సారీ" అంటాం, అంతకన్నా పెద్దదైతే నాటకంలా ఉంటుందని మింగేస్తాం. నేనూ పదేళ్ళు అలాగే మింగాను. అతని వైపు తిరిగాను. అతను నేలకేసి చూస్తున్నాడు.

"నిన్ను ఒంటరిగా వదిలేసి వెళ్ళాను. వచ్చాక నిన్నే వెర్రివాణ్ణి చేశాను. తప్పు నాది. నన్ను క్షమించు."